సైన్యం నెట్‌వర్క్‌కూ మన ఇంటి ఫోనుకూ ఏమిటి సంబంధం?

2022 ఫిబ్రవరి 24. ఉక్రెయిన్‌లోకి రష్యా సైన్యం ప్రవేశించడానికి సుమారు గంట ముందు, ఐరోపాలో వేలాది ఇంటర్నెట్ మోడెమ్‌లు ఒక్కసారిగా మూగబోయాయి. అవన్నీ కా-శాట్ అనే ఉపగ్రహం ద్వారా పనిచేసే మోడెమ్‌లు. ఆ సేవ అమెరికాకు చెందిన వయాశాట్ కంపెనీది. ఉక్రెయిన్‌లో ఇళ్లు, వ్యాపారాలతో పాటు సైన్యం కూడా దాన్ని వాడేది. యుద్ధం మొదలైన ఆ తొలి గంటల్లో సమాచార సంబంధాల విషయంలో తమకు భారీ నష్టం జరిగిందని ఉక్రెయిన్ సైబర్ అధికారి ఒకరు తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నారు.

విచిత్రం ఏమిటంటే, ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి ఏమీ కాలేదు. దాడి అంతా నేల మీదే జరిగింది. నెట్‌వర్క్‌ను నిర్వహించే విభాగంలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి పెట్టిన ఒక వీపీఎన్ పరికరం సెట్టింగ్ సరిగ్గా లేదు. అందులోంచి చొరబడినవాళ్లు, మోడెమ్‌లకు రోజూ ఆదేశాలు వెళ్లే దారిలోనే మెమరీని చెరిపేసే ఆదేశం పంపారు. చివరికి కంపెనీ సుమారు 30 వేల కొత్త మోడెమ్‌లు పంపాల్సి వచ్చింది. యుద్ధంతో ఏ సంబంధమూ లేని జర్మనీలో 5,800 గాలిమరలను దూరం నుంచి గమనించే లింకు తెగిపోయింది. ఇది రష్యా పనేనని అదే ఏడాది మే 10న ఐరోపా యూనియన్, బ్రిటన్, అమెరికా ప్రకటించాయి.

ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేను వర్జీనియాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. దూరంగా ఉన్న నెట్‌వర్క్ పరికరాలకు అప్‌డేట్లు, ఆదేశాలు పంపే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. అంటే, ఆ రోజు దాడి చేసినవాళ్లు వాడుకున్న దారిలాంటి దారులు వేయడమే నా ఉద్యోగం. మా కస్టమర్లలో రక్షణ రంగానికి సరఫరా చేసే కంపెనీలూ ఉన్నాయి. మన తెలుగువాళ్లలో ఇలాంటి ఉద్యోగాలు చేస్తున్నవారు అమెరికాలో చాలామందే ఉన్నారు. పిల్లలు సైన్యంలో, నౌకాదళంలో చేరుతున్న కుటుంబాలూ పెరుగుతున్నాయి. అందుకే ఈ విషయాన్ని మన భాషలో, మన ఇళ్లకు పనికొచ్చేలా చెప్పాలనిపించింది. ఇక్కడ రాసినవన్నీ బహిరంగంగా నమోదైన విషయాలే. మా ఆఫీసు సంగతి ఒక్కటీ లేదు.

మూడు ప్రశ్నలు

సైనిక కమ్యూనికేషన్ నెట్‌వర్క్ అనగానే చాలామందికి వీపుకు తగిలించుకున్న రేడియో సెట్ గుర్తుకొస్తుంది. ఇప్పుడు ఆ రేడియో కూడా ఒక కంప్యూటరే. దాని వెనక ఉపగ్రహాలు, సముద్రం అడుగున కేబుళ్లు, డేటా సెంటర్లు, డ్రోన్ల వీడియోలు, ఆహారం, ఇంధనం లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అన్నీ ఉంటాయి. అందులో కొంత సైన్యం సొంతది. చాలా భాగం మామూలు కంపెనీల దగ్గర కొన్నదో, అద్దెకు తీసుకున్నదో.

ఇంత పెద్ద వ్యవస్థను కాపాడేవాళ్లు నిజానికి మూడు ప్రశ్నలే వేసుకుంటారు. మన మాట శత్రువు వింటున్నాడా? మన మాటను మధ్యలో మారుస్తున్నాడా? అవసరమైన సమయానికి మన మాట అవతలివాళ్లకు అందుతుందా? వయాశాట్ విషయంలో దెబ్బ తిన్నది మూడోది. చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు కానీ, యుద్ధంలో మిగతా రెండూ అంతకంటే ప్రమాదం. వెనక్కి రమ్మని చెప్పిన మాట అందకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

మొదటి ప్రశ్నకూ మంచి ఉదాహరణ ఉంది. 2009లో ఇరాక్‌లో తిరుగుబాటుదారుల లాప్‌టాప్‌లలో అమెరికా ప్రెడేటర్ డ్రోన్లు తీసిన వీడియోలు దొరికాయి. వాళ్లేమీ గొప్ప హ్యాకింగ్ చేయలేదు. ఉపగ్రహం నుంచి వచ్చే సినిమాలు, పాటలు పట్టుకోవడానికి తయారైన సాఫ్ట్‌వేర్ ఒకటి 26 డాలర్లకు దొరికేది. దాంతోనే చూసేశారు. ఎందుకంటే కోట్ల డాలర్ల డ్రోన్ నుంచి వచ్చే ఆ వీడియోకు ఎన్‌క్రిప్షన్ లేదు. ఈ లోపం 1990ల నాటి బోస్నియా రోజుల నుంచే సైన్యానికి తెలుసనీ, స్థానిక శత్రువులకు దాన్ని వాడుకునేంత తెలివి ఉండదని అనుకున్నారనీ అప్పట్లో పత్రికలు రాశాయి. ఎదుటివాడికి అంత తెలివి లేదులే అనుకోవడం మా వృత్తిలో అన్నిటికంటే ఖరీదైన అంచనా.

పెన్‌డ్రైవ్ తెచ్చిన తంటా

సైన్యంలో రహస్య నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్‌కు కలపరు. మధ్యలో తీగే లేనప్పుడు వైరస్ ఎలా వస్తుందని అనిపిస్తుంది. 2008లో మధ్యప్రాచ్యంలోని ఒక అమెరికా స్థావరంలో ఎవరో ఒక పెన్‌డ్రైవ్‌ను సైనిక లాప్‌టాప్‌కు పెట్టారు. అందులోని మాల్‌వేర్ మామూలు నెట్‌వర్క్‌లోకీ, రహస్య నెట్‌వర్క్‌లోకీ పాకింది. దాన్ని పూర్తిగా ఏరిపారేయడానికి దాదాపు 14 నెలలు పట్టింది. ఆ పనికి 'ఆపరేషన్ బక్‌షాట్ యాంకీ' అని పేరు పెట్టారు. ఆ ఏడాది నవంబరులో పెన్‌డ్రైవ్‌లను నిషేధించారు. 2010లో అమెరికా సైబర్ కమాండ్ ఏర్పాటు కావడానికి ఈ ఘటన ఒక ముఖ్య కారణం. అప్పటి రక్షణ ఉపమంత్రి విలియం లిన్ అదే ఏడాది ఈ సంగతి బయటి ప్రపంచానికి వివరంగా చెప్పారు.

నెట్‌వర్క్‌ల మధ్య తీగ లేకపోయినా మనుషులు ఉంటారు. ఫైలు అటు నుంచి ఇటు తేవాల్సిన పని ఉంటుంది. ఆ పనికి సరైన దారి మనం ఇవ్వకపోతే, జేబులో పెన్‌డ్రైవ్ పెట్టుకుని వాళ్లే ఒక దారి వెతుక్కుంటారు. అందుకే నిషేధం ఒక్కటే చాలదు. ఫైళ్లను తనిఖీ చేసి పంపే అధికారిక మార్గం కూడా పెట్టాలి.

తాళంచెవులు అమ్ముకున్న ఉద్యోగి

ఎన్‌క్రిప్షన్ ఉంటే భయం లేదనుకునేవారికి జాన్ వాకర్ కథ చెప్పాలి. ఆయన అమెరికా నౌకాదళంలో కమ్యూనికేషన్ల నిపుణుడు. 1960ల చివర్లో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయానికి స్వయంగా నడిచి వెళ్లి, సంకేత యంత్రాల తాళంచెవుల జాబితాలు అమ్మడం మొదలుపెట్టాడు. 1985లో అరెస్టయ్యేదాకా అది సాగింది. తర్వాత స్నేహితుణ్ని, అన్నను, చివరికి నౌకాదళంలో పనిచేస్తున్న సొంత కొడుకునూ ఇందులోకి దింపాడు. మరోవైపు 1968 జనవరిలో ఉత్తర కొరియా 'ప్యూబ్లో' అనే అమెరికా నిఘా నౌకను పట్టుకున్నప్పుడు, దానిలోని సంకేత యంత్రాలు కొన్ని శత్రువుల చేతికి చిక్కాయి. ఒక చేత్తో యంత్రం, మరో చేత్తో తాళంచెవి దొరికితే ఇక దాచడానికేముంది?

ఆ పాఠం ఇప్పటి పద్ధతుల్లో కనిపిస్తుంది. తాళంచెవులను తరచుగా మారుస్తారు. రేడియో శత్రువుకు చిక్కేలా ఉంటే అందులోని తాళంచెవులను వెంటనే చెరిపేసే ఏర్పాటు ఉంటుంది. ముఖ్యమైన పనులకు ఇద్దరు కలిసి ఉండాలన్న నియమం ఉంటుంది. లోపలివాడు కదా అని ఎవరినీ గుడ్డిగా నమ్మకుండా, ప్రతి మనిషినీ ప్రతి పరికరాన్నీ ప్రతిసారీ సరిచూసుకునే పద్ధతిని 'జీరో ట్రస్ట్' అంటారు. అమెరికా రక్షణశాఖ 2022 నవంబరులో ఆ వ్యూహాన్ని ప్రకటించి, 2027 ఆర్థిక సంవత్సరానికల్లా తొలి లక్ష్యాలు అందుకోవాలని గడువు పెట్టుకుంది.

మన విశాఖలో జరిగింది

ఇదంతా అమెరికా గొడవ కదా అనుకోవద్దు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ నిఘా విభాగం, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి ఒక గూఢచర్యం కేసును బయటపెట్టాయి. విశాఖలో అందరికీ తెలిసిన కొండ పేరుతోనే దానికి 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' అని పేరు పెట్టారు. ఏడుగురు నౌకాదళ సిబ్బందినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో పరిచయం పెంచుకుని, ఓడల కదలికల వివరాలు రాబట్టారన్నది అభియోగం. తర్వాత కేసు ఎన్ఐఏ చేతికి వెళ్లింది. ఆ నెలాఖరుకే నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లనూ సోషల్ మీడియానూ నిషేధించింది. 2020 జులైలో భారత సైన్యం తన సిబ్బంది ఫోన్లలోంచి ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లు తీసేయమని ఆదేశించింది.

నౌకాదళం కోసం భారత్ ప్రత్యేకంగా కమ్యూనికేషన్ ఉపగ్రహాలు పెట్టుకుంది. 2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచి నింగికెక్కిన సుమారు 4,400 కిలోల సీఎంఎస్-03 అలాంటిదే. అంత బరువైన ఉపగ్రహాన్ని పైకి పంపి, ఎన్‌క్రిప్షన్ పెట్టి, సముద్రమంతా కవర్ చేసినా, ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో ఒక నావికుడు ఫేస్‌బుక్ స్నేహితురాలికి చెబితే ఆ ఖర్చు ఎందుకూ కొరగాదు.

రిస్కుకు సంతకం చేసేదెవరు?

'పూర్తిగా సురక్షితం' అన్న మాట మా పనిలో ఎవరూ వాడరు. రిస్కును సున్నా చేయలేం. తగ్గించగలం, తప్పించుకోగలం, లేదా తెలిసి భరించగలం. అమెరికా రక్షణశాఖలో ఏ వ్యవస్థనైనా వాడుకలోకి తేవాలంటే ఒక అధికారి సంతకం కావాలి. 'ఇందులో ఈ లోపాలు మిగిలి ఉన్నాయి, వాటి వల్ల ఇంత ప్రమాదం ఉంది, అయినా దీన్ని నడపడానికి అనుమతిస్తున్నాను' అని ఆ సంతకానికి అర్థం. నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఇదే. లోపాన్ని కాగితం మీద రాసి, దాని కింద ఒక మనిషి పేరు ఉంచుతారు.

అయితే కాగితం మీద ఉన్నదంతా నేల మీద జరగదు. 2018 అక్టోబరులో అమెరికా పార్లమెంటు తరఫున తనిఖీలు చేసే జీఏఓ సంస్థ ఆయుధ వ్యవస్థల సైబర్ భద్రతపై నివేదిక ఇచ్చింది. ఒక పరీక్షలో ఇద్దరే మనుషులు గంటలో ఒక ఆయుధ వ్యవస్థలోకి ప్రవేశించి, ఒక్క రోజులో దాన్ని పూర్తిగా తమ చేతిలోకి తెచ్చుకున్నారు. మరోచోట అడ్మిన్ పాస్‌వర్డ్‌ను 9 సెకన్లలో కనుక్కున్నారు. ఇంకోచోట, అంతకుముందు తనిఖీలో బయటపడిన 20 లోపాల్లో సరిచేసింది ఒక్కటే. ఈ మూడింటిలో నన్ను కలవరపెట్టింది ఆఖరిదే. పాస్‌వర్డ్ మార్చడం నిమిషం పని. తెలిసిన లోపాన్ని వదిలేసే అలవాటును మార్చడం చాలా కష్టం.

చిన్న కంపెనీల మీద కూడా ఇప్పుడు భారం పెరిగింది. పెద్ద కోటలోకి దూరలేనివాడు ఆ కోటకు పాలు పోసేవాడి ఇంట్లోకి ముందు దూరతాడు. 2020 చివర్లో బయటపడిన సోలార్‌విండ్స్ దాడిలో, నెట్‌వర్క్‌లను పర్యవేక్షించే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే విషం కలిపారు. దాదాపు 18 వేల సంస్థల దాకా ఆ అప్‌డేట్‌ను వేసుకున్నాయి. అందరినీ హ్యాక్ చేయకపోయినా, కొన్ని అమెరికా ప్రభుత్వ శాఖల్లోకి దుండగులు దూరగలిగారు. ఇప్పుడు రక్షణశాఖ వివరాలు తమ దగ్గర ఉంచుకునే కాంట్రాక్టర్లు 110 భద్రతా నియమాలు పాటించాలి. సైబర్ దాడి జరిగినట్టు తెలిస్తే 72 గంటల్లో తెలియజేయాలి. ఇన్నాళ్లూ 'పాటిస్తున్నాం' అని ఎవరికివారు చెప్పుకుంటే సరిపోయేది. 2025 నవంబరు 10 నుంచి కాంట్రాక్టుల్లోకి దశలవారీగా వస్తున్న సీఎంఎంసీ విధానంతో చాలా కంపెనీలు బయటి తనిఖీకి సిద్ధం కావాల్సి ఉంటుంది. రక్షణ రంగానికి విడిభాగాలో, సాఫ్ట్‌వేరో అందించే చిన్న వ్యాపారాలు నడిపే మనవాళ్లు దీన్ని ఆఖరి నిమిషం దాకా వాయిదా వేయకపోవడం మంచిది.

ఎంత చేసినా ఒక రోజు నెట్‌వర్క్ పడిపోతుంది. ఆ రోజు కోసం సైన్యంలో 'పేస్' అనే ప్రణాళిక ఉంటుంది. మొదటి మార్గం, అది పోతే రెండోది, అదీ పోతే మూడోది, ఏదీ లేకపోతే ఆఖరి అత్యవసర మార్గం. మన ఊళ్లో పెళ్లి చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. కరెంటు పోతే జనరేటర్, అది మొరాయిస్తే ఇన్వర్టర్, అదీ ఆగితే పెట్రోమాక్స్ లైటు. ముహూర్తం మాత్రం ఆగకూడదు. ఉపగ్రహం పోతే రేడియో, రేడియో పోతే తీగ, తీగ కూడా తెగితే కాగితం మీద రాసి మనిషితో పంపడం. ఒక్కటే షరతు: రెండో మార్గం, మూడో మార్గం అప్పుడప్పుడూ నిజంగా వాడి చూస్తుండాలి. ఏడాదిపాటు తిప్పని జనరేటర్ పెళ్లిరోజున తిరుగుతుందన్న నమ్మకం లేదు.

ఇంట్లో మనం చేయాల్సింది

ఈ మధ్య మా ఊరి తెలుగు సంఘం భోజనాల దగ్గర ఒక అక్క నన్ను నిలదీసింది. వాళ్లబ్బాయి అమెరికా నౌకాదళంలో ఉన్నాడు. ఓడ పేరు, బయలుదేరే తేదీతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టబోతుంటే కొడుకే ఫోన్ చేసి వద్దన్నాడట. "ఏం తమ్ముడూ, కన్నకొడుకు ఎక్కడున్నాడో చెప్పుకోవడం కూడా తప్పేనా? మిగతావాళ్లంతా పిల్లల సీట్లూ ర్యాంకులూ చెప్పుకోవట్లేదూ?" అంది. "తప్పు కాదక్కా. వాడు నౌకాదళంలో ఉన్నాడని గర్వంగా చెప్పు. యూనిఫాం ఫోటో వాడు సరేనంటే పెట్టు. ఓడ పేరు, తేదీ, వెళ్లే చోటు మాత్రం వద్దు" అన్నాను. కాసేపు ఆగి, "మా అత్తగారికి ఎలా చెప్పేది? ఆవిడ ఊరంతా చెప్పేస్తుంది" అంది. నిజమే, సైబర్ భద్రత పుస్తకాల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ముందు మన ఇంట్లో పెద్దవాళ్లకు భయపెట్టకుండా, మనసు నొప్పించకుండా చెప్పుకోవాలి.

అక్క అనుకున్నట్టు ఇది చాదస్తం కాదు. 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామ యాప్ ప్రపంచమంతటా జనం పరుగెత్తిన దారులను ఒక మ్యాపుగా విడుదల చేసింది. 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి అందులో సైనిక స్థావరాలు కనిపిస్తున్నాయని బయటపెట్టాడు. చుట్టూ చీకటిగా ఉన్న ఎడారిలో, స్థావరం లోపల సైనికులు జాగింగ్ చేసిన దారులు మెరుస్తూ కనిపించాయి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా రక్షణశాఖ, యుద్ధ కార్యకలాపాలు జరిగే చోట్ల లొకేషన్ చూపే పరికరాలనూ యాప్‌లనూ వాడొద్దని ఆదేశించింది.

2023 కొత్త సంవత్సరం వేళ ఉక్రెయిన్‌లోని మకీవ్కాలో రష్యా సైనికులు బస చేసిన భవనంపై క్షిపణి దాడి జరిగింది. 89 మంది చనిపోయారని, నిషేధం ఉన్నా సైనికులు పెద్ద సంఖ్యలో సెల్‌ఫోన్లు వాడటమే ప్రధాన కారణమని రష్యా రక్షణశాఖే చెప్పింది. పండుగ పూట ఇంటికి ఫోన్ చేయాలనిపించడం ఏ దేశపు పిల్లవాడికైనా సహజమే.

పెద్ద పదవుల్లో ఉన్నవారికీ మినహాయింపు లేదు. 2025 మార్చిలో యెమెన్‌పై దాడుల గురించి అమెరికా ఉన్నతాధికారులు సిగ్నల్ యాప్‌లో మాట్లాడుకుంటున్న గ్రూపులోకి పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ని చేర్చారు. యాప్ ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ ఛేదించలేదు. గ్రూపులో ఎవరున్నారో ఎవరూ చూసుకోలేదు, అంతే. వందల మంది ఉన్న మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరెవరున్నారో మనలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి పిల్లలు సైన్యంలో ఉన్నా, మనం రక్షణ రంగ కంపెనీల్లో పనిచేస్తున్నా కొన్ని అలవాట్లు చేసుకోవాలి. ప్రయాణ తేదీలు, యూనిట్ పేర్లు, తిరిగొచ్చే రోజు పోస్ట్ చేయకూడదు. ఫోటో పెట్టేముందు వెనక ఏముందో చూడాలి, లొకేషన్ ఆపేయాలి. లింక్డ్‌ఇన్‌లో ఏ ప్రాజెక్టు, ఏ పరికరం, ఏ వెర్షన్ అన్న వివరాలు రాయకూడదు. చక్కటి జీతంతో కన్సల్టింగ్ పని ఇస్తాం, ఒక చిన్న రిపోర్టు రాయండి అని తెలియనివాళ్లు అడిగితే అనుమానించాలి. ఆఫీసు ఫైళ్లు ఇంటి మెయిల్‌కు పంపుకోకూడదు. ఇంట్లో రౌటర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి, అప్‌డేట్లు వేయాలి. ముఖ్యమైన ఖాతాలన్నిటికీ రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. అక్కడ సైనిక స్థావరాలు, వాహనాల ఫోటోలు తీయడం నేరం. సరదాకు తీసి స్నేహితులకు పంపినా జైలుకు వెళ్లాల్సి రావచ్చు.

'మీ అబ్బాయికి ప్రమాదం జరిగింది, డబ్బు పంపండి' అంటూ కమాండర్ పేరుతో ఫోన్ వస్తే కంగారుపడొద్దు. సైన్యం అలా డబ్బు అడగదు. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. బామ్మ పెట్టిన ముద్దుపేరు, ఊళ్లో చెరువు పేరు, ఏదైనా సరే, ఎక్కడా ఆన్‌లైన్‌లో లేనిదై ఉండాలి.

ఇక అందరూ అడిగే చివరి ప్రశ్న. ఓడ ఎక్కడుందో తెలియదు, ఫోన్ కలవదు, ఇండియాలో తాతగారికి సీరియస్‌గా ఉంది. అప్పుడెలా? అమెరికన్ రెడ్‌క్రాస్ దీనికోసమే ఒక సేవ నడుపుతోంది. కుటుంబంలో మరణం, తీవ్ర అనారోగ్యం వంటి సందర్భాల్లో వాళ్లకు చెబితే, విషయాన్ని నిర్ధారించుకుని పిల్లవాడి కమాండ్‌కు చేరవేస్తారు. ఎక్కడున్నాడో మనం తెలుసుకోవాల్సిన పని లేదు. పిల్లవాడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ర్యాంకు, యూనిట్ చిరునామా, ఇండియాలో ఆసుపత్రి లేదా డాక్టర్ ఫోన్ నంబరు దగ్గర ఉంచుకోవాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఇంట్లో పాస్‌పోర్టులు పెట్టే చోట పెట్టండి. ఫోన్‌లో వద్దు.